దూరాన ఉన్న పాఠకులకు ఆపద వస్తే
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉగాదినాడు నాలుగు మాటలు చెప్పమని మన సంఘంవారు నన్ను అడిగారు. నేను పండితుణ్ణి కాను, రచయితనూ కాను. పదో తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. పగలల్లా జోలారుపేటలో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుని, రాత్రి బర్గూరు చేరి, నిద్ర వచ్చేదాకా ఏదో ఒక తెలుగు పుస్తకం చదువుకునే మామూలు పాఠకుణ్ణి. అయినా రచయితను గురించి పాఠకుడికి కూడా ఒక మాట చెప్పే హక్కు ఉంటుంది గదా అని ధైర్యం చేసి ఈ విషయం ఎన్నుకున్నాను. ఒక ప్రాంతానికి కరువో, వరదో, ఉప్పెనో వస్తుంది. ఆ ప్రాంతానికి దూరాన ఒక రచయిత ఉంటాడు. తన పుస్తకం చదివే మనుషులు అక్కడ ఆపదలో ఉన్నారని అతనికి తెలుస్తుంది. అతని చేతిలో పడవ లేదు, బియ్యం బస్తా లేదు, ఉన్నది కలమొక్కటే. ఆ కలంతో అతను చెయ్యగలిగిన మేలు ఏమిటి?

ఇందాక పంచాంగ శ్రవణంలో ఈ ఏడు వానలెట్లా ఉంటాయో విన్నాం. మన సంవత్సరాల పేర్లు మంచిచెడ్డలు చెప్పుకోవటానికే గాక, జ్ఞాపకం పెట్టుకోవటానికి కూడా పనికివచ్చాయి. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన కరువును మనవాళ్ళు నందన కరువు అన్నారు. 1876లో మొదలై రాయలసీమనూ, ఆనాడు మన ఊళ్ళున్న సేలం జిల్లానూ మాడ్చివేసిన కరువును ధాత కరువు అన్నారు. సంవత్సరం పేరు మిగిలింది, బాగానే ఉన్నది. కాని ఆ కరువులో గంజి లేక ఏ ఊళ్ళో ఎవరు పోయారు, ఎవరి గొడ్లు ఎక్కడ పడిపోయాయి, ఏ తల్లి పిల్లలను ఎవరి వాకిట్లో వదిలి వెళ్ళింది అంటే చెప్పేవాళ్ళు లేరు. రాసి పెట్టినవాడు లేకపోతే ఎంత కష్టమైనా రెండు తరాలలో ఒక్క మాటకు కుదించుకుపోతుంది.

మాది కడప సీమలో నందలూరు పక్క పల్లె. మా ఊరివాళ్ళకు చెయ్యేరు అంటే ఏడాదిలో పదినెలలు ఇసుక. 2021 నవంబరు 19న తెల్లవారుజామున రాజంపేట పైన ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ ఇసుక ఏరు సముద్రమైంది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలైన పల్లెల మీద నీళ్ళు పడ్డాయి. పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. నందలూరు, రాజంపేటల మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ వారమంతా కిటికీ దగ్గర నేను విన్న మాటలు నాకిప్పటికీ జ్ఞాపకం. ప్రాజెక్టులోకి ఎన్ని క్యూసెక్కులు వచ్చాయని ఒక్కరూ అడగలేదు. “కడపకు బండి ఎప్పుడు పోతుంది సార్? మా అమ్మ ఒక్కతే ఉంది” అని అడిగారు. లెక్కలు పత్రికలో ఉంటాయి. మనిషి అడిగేది మాత్రం మనిషినిగురించే.

పది పన్నెండు రోజుల తరువాత మా పెద్దమ్మ ఫోనులో చెప్పిన సంగతులు కూడా అట్లాంటివే. “నాయనా, వామి పోయింది. కల్లంలో ఆరబోసిన వడ్లు పోయినాయి. తులసికోట నిలిచింది. పాడి బర్రె మూడోనాడు తనంతట తనే తిరిగొచ్చింది గానీ పాలు చేపడంలేదు.” నేను ఎన్నో వార్తలు చదివాను. కాని వరద అంటే ఏమిటో ఈ నాలుగు మాటలవల్ల తెలిసినట్లు మరి దేనివల్లా తెలియలేదు. మా పెద్దమ్మకు చదువు లేదు. అయినా మంచి రచయిత చేసే పనే ఆవిడ చేసింది. ఏది పోయింది, ఏది మిగిలింది, ఏది మిగిలీ మునుపటిలాగా లేదు అనే మూడు సంగతులూ చెప్పింది.

ఇక రచయిత దగ్గరికి వస్తాను. చెయ్యేరు వెళ్ళి కలిసేది పెన్నేటిలో. పెన్నేరు నందికొండల్లో పుట్టి, హిందూపురం దగ్గర ఆంధ్రలో ప్రవేశించి, అనంతపురం, కడప, నెల్లూరు సీమలు దాటి సముద్రంలో పడుతుంది. దాన్ని ఉత్తర పినాకిని అంటారు. ఆ నందికొండల్లోనే పుట్టి దక్షిణానికి తిరిగిన చెల్లెలు దక్షిణ పినాకిని. హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట, తరువాత కృష్ణగిరి ఆనకట్ట దాటి, సాత్తనూరుమీదుగా కడలూరు దగ్గర సముద్రం చేరే మన ఏరు అదే. ఒక కొండ నీళ్ళే రెండు దిక్కులా పోతున్నాయి. ఆ ఒడ్డునా తెలుగు మాట వినిపిస్తుంది, ఈ ఒడ్డునా వినిపిస్తుంది.

ఆ అక్క నదిని గురించి కావ్యం రాసినవారు విద్వాన్ విశ్వం గారు. ఆయన 1915లో అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు పోయారు. తరువాత మద్రాసు చేరి పత్రికలలో పనిచేశారు. ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకత్వం వహించారు. 1950 దశకంలో రాయలసీమ కరువుతో మాడిపోతున్నది. 1952లో నందమూరి తారకరామారావు గారు తోటి నటులతో ఊరూరా తిరిగి సీమ కరువు సహాయానికి విరాళాలు పోగుచేశారు. ఊరు తిరిగి జోలె పట్టటం నటుడికి చేతనైన పని, అది ఆయన చేశారు. విశ్వం గారు తనకు చేతనైన పని చేశారు. “పెన్నేటి పాట” అనే కావ్యం రాశారు.

అందులో ఆయన ఎన్నుకున్న పద్ధతి గమనించదగ్గది. కరువు మండలాల జాబితా ఇవ్వలేదు. ప్రభుత్వానికి మహజరూ రాయలేదు. రంగడు, గంగమ్మ అనే ఒక పేద దంపతులను తెచ్చి మన ఎదట నిలబెట్టారు. ఒకప్పుడు సిరిసంపదలు చూసిన నేల ఎండిపోతే ఆ నేలను నమ్ముకున్న ఇద్దరి బతుకు ఎట్లా అవుతుందో చెప్పారు. పెన్న ఒడ్డున ఉన్నవాడు అది చదివితే “ఇది మా ఇల్లే” అనుకుంటాడు. గోదావరి ఒడ్డున మూడు కార్లు పండించుకునేవాడు చదివితే “మన తెలుగునాట ఇట్లాంటి ఇల్లు కూడా ఉన్నదా!” అని ముద్ద దిగక ఆగిపోతాడు. ఈ రెండు పనులూ ఒకే పుస్తకం చెయ్యాలి. కష్టంలో ఉన్న పాఠకుడు తాను ఒంటరివాణ్ణి కానని తెలుసుకోవాలి, సుఖంలో ఉన్న పాఠకుడు తాను ఒక్కడే లేనని తెలుసుకోవాలి. మద్రాసులో కూర్చున్నా విశ్వం గారు పెన్నేటికి దూరం కాలేదంటే, ఆయన అక్కడి మనుషులను పేరుపెట్టి పిలవగలిగారు గనుకనే.

రైల్వేవాణ్ణి గనుక ఇంకొక కథను గురించి చెప్పకుండా ఉండలేను. పాలగుమ్మి పద్మరాజు గారి “గాలివాన” మీలో చాలామంది చదివే ఉంటారు. ఒక రైలుపెట్టె, ఒక చిన్న స్టేషను, నియమాలు పెట్టుకుని బతికే ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, రాత్రంతా గాలివాన. అంతే కథ. న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో 1952లో దానికి రెండవ బహుమతి వచ్చింది. తుపాను అంటే ఎట్లా ఉంటుందో ఎరగని దేశాలవారు కూడా మన కోస్తా గాలిని ఆ కథలో విన్నారు. మన స్టేషను వసారాలో తడిసిన బిచ్చగత్తెను ఎక్కడో ఉన్న పాఠకుడు తలచుకుని బాధపడ్డాడంటే ఆ కథ చేసిన ప్రయాణం ఏ మెయిలుబండీ చెయ్యలేదు.

అయితే సానుభూతి పేరిట చెయ్యకూడని పనులు కూడా ఉన్నాయి. అందులో మొదటిది, కష్టపడినవాడి మీదనే తప్పు మోపటం. దీనికి పెద్దల చరిత్రలోనే ఒక ఘట్టం ఉన్నది. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపం వచ్చింది. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అని గాంధీజీ అన్నారు. అంటరానితనం పోవాలనే విషయంలో రవీంద్రనాథ ఠాగూరు గాంధీజీతో పూర్తిగా ఏకీభవించినవారే. అయినా ఈ మాటకు ఒప్పుకోలేదు. ప్రకృతిలో జరిగే ఉత్పాతాన్ని మనుషుల నీతికి ముడిపెట్టడం సరికాదని రాసి పంపారు. గాంధీజీ పెద్దమనసుతో ఆ విమర్శను తమ హరిజన్ పత్రికలోనే ప్రకటించి, తమ జవాబు తాము చెప్పుకున్నారు. ఇద్దరూ మహానుభావులే. కాని ఇల్లు కూలి బిడ్డను పోగొట్టుకున్న బీహారు తల్లి వైపు నుంచి చూస్తే, ఆనాడు ఆమె పక్షాన మాట్లాడినవాడు కవి అని నాకు తోస్తుంది.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు కూడా ఎక్కడ వరద వచ్చినా వాట్సాపులో ఒక వేదాంతి తయారవుతాడు. 2024లో మనకు నడిచిన సంవత్సరం పేరు క్రోధి. పేరే క్రోధి గనుక వరదలు వచ్చాయని ఒకరు, జనంలో పాపం పెరిగిందని ఇంకొకరు పంపించారు. ఆ ఏడు సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు వచ్చింది. అదే సమయంలో బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. రాయనపాడు స్టేషను మునిగింది. కేసముద్రం దగ్గర పట్టాలకింది కట్ట కొట్టుకుపోయింది. డాబా మీద నిలబడి పాలపొట్లం కోసం ఎదురుచూసే ఇల్లాలికి సంవత్సరఫలం చెప్పటం వల్ల ఏమి లాభం? బుడమేరులో నీరు పోయే దారి ఎందుకు ఇరుకైందని అడిగితే లాభం ఉన్నది. దారి ఇరుకైతే ఏరు ఇంటిమీదికి వస్తుంది. ఇది పాపపుణ్యాల సంగతి కాదు, నీటి సంగతి. కారణాన్ని కారణంగా చెప్పటం కూడా పాఠకుడి మీద ప్రేమే.

చెయ్యకూడని రెండో పని, పదిరోజులకే మరిచిపోవటం. 1977లో కూడా నవంబరు 19వ తేదీనే దివిసీమను ఉప్పెన ముంచింది. మనిషికి మూడింతల ఎత్తున సముద్రం లేచి ఊళ్ళమీద పడింది. అధికారుల లెక్కప్రకారమే పదివేలమంది వరకు పోయారు. ఆ సీమవారే మండలి వెంకటకృష్ణారావు గారు. 1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను విద్యామంత్రిగా ముందుండి నడిపించింది వారే. మారిషసు మొదలుకొని ఎక్కడెక్కడి తెలుగువారినో ఆ సభలకు పిలిచారు. “దూరాన ఉన్నా మీరు మావాళ్ళే” అని చెప్పిన మనిషి సొంత గడ్డమీదికి మూడేళ్ళు తిరగకుండానే సముద్రం వచ్చింది. అప్పుడు దేశం నలుమూలలనుంచి సాయం వచ్చింది. రామారావుగారు, నాగేశ్వరరావుగారు కలిసి వీధుల్లో నడిచి చందాలు పోగుచేశారు. పత్రికలవాళ్ళు వచ్చారు, రాశారు, వెళ్ళారు. వెంకటకృష్ణారావుగారు మాత్రం వెళ్ళలేదు. శవాలు తీసిన తరువాత మిగిలే పని, అంటే ఇళ్ళు నిలబెట్టటం, దిక్కులేనివారికి దిక్కు చూపటం, ఆ పనిలో ఉండిపోయారు.

దీన్నిబట్టి నాకొక కొలత దొరికింది. ఆపద వచ్చిన వారంలో రాసే మొదటి ఉత్తరం అందరూ రాస్తారు. మూడు నెలల తరువాత రాసే రెండో ఉత్తరంలో తెలుస్తుంది నిజమైన శ్రద్ధ. “బర్రె మళ్ళీ చేపిందా? గోడ లేచిందా? పిల్లవాడు బడికి పోతున్నాడా?” అని అడిగేది రెండో ఉత్తరంలోనే. మంచి పుస్తకం కూడా ఒక రెండో ఉత్తరం వంటిదే. పత్రిక మరిచిపోయిన తరువాత అది వస్తుంది.

ఇంతవరకు ఆంధ్రదేశపు సంగతులు చెప్పాను. ఇక మన గడపలోకి వస్తాను. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. సముద్రానికి ఇంత దూరాన మనకేం భయమనుకున్నాం. డిసెంబరు 1, 2 తేదీల మధ్య ఒక్క రోజులో మన జిల్లాలోని ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన కురిసింది. అది జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వానలో సగానికి మించినది. చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన వాహనాలను కాగితం పడవల్లాగా దొర్లించుకుపోయింది. మన పినాకినిలో నీరు పెరిగి సాత్తనూరు నిండి, కింద విల్లుపురం, కడలూరు జిల్లాలు మునిగాయి. ఎప్పుడూ కరువునాడు అనిపించుకున్న సీమకు వరద ఇట్లా ఉంటుందని మన కళ్ళకు కనిపించింది.

కరువునాడు అని ఊరికే అనటంలేదు. మా శాఖకు సంబంధించిన ఒక పాత సంగతి ఉన్నది. ధాత కరువులో జనం పడిన పాట్లు చూసిన తరువాత, తిండిగింజలు త్వరగా చేరవేయటానికి దొరతనంవారు కరువు సీమలకు రైలుమార్గాలు వేశారు. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో వచ్చిన చిన్నపట్టాల బండి అట్లాంటిదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పట్టాలు తీసేశారు. కరువు జ్ఞాపకంతో వేసిన మార్గం, జ్ఞాపకం మాసిపోగానే పోయింది. ఇవాళ కృష్ణగిరికి రైలు లేదు. దూరపువాళ్ళ ఆపదను గుర్తుపెట్టుకోవటమనేది కూడా ఒక రైలుమార్గం వంటిదే. రోజూ బండి నడపకపోయినా కట్ట చెదరకుండా చూసుకోవాలి. ఆపదనాడు వేద్దామంటే కుదరదు.

ఇప్పుడు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఊత్తంగరై వాననుగురించి తమిళంలో రాసేవారున్నారు, వారు మన ఇరుగుపొరుగువారు, వారి మాట మనకూ చెందుతుంది. కాని ఈ వానలో తడిసిన తెలుగు ఇంటి సంగతి తెలుగులో ఎవరు రాస్తారు? విజయవాడలో ఉన్న రచయితకు మనం కనిపించాలంటే ముందు మనం కనిపించేటట్టు ఉండాలి గదా. ఈ జిల్లాలో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఊళ్ళున్నాయి. బట్టల అంగళ్ళకు, రాళ్ళు కోసే ఫ్యాక్టరీలకు, సిప్కాటుకు బతుకుతెరువుకోసం వచ్చిన మనబోటి కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు వినపడుతుంది. కాని మన పిల్లల్లో తెలుగు అక్షరం చదివేవాళ్ళను లెక్కపెట్టమంటే వేళ్ళు మిగులుతాయి. 2006 చట్టం తరువాత బళ్ళల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవటం మంచిదే, నేర్చుకుని తీరాలి. తెలుగు నేర్పవలసిన భారం మాత్రం ఇంటిమీద పడింది. ఆ పని మనం చెయ్యకపోతే, రేపు పెన్నేటి ఒడ్డున ఆపద వచ్చి అవ్వ ఉత్తరం రాస్తే మన బిడ్డ దాన్ని తిరగేసి చూసి పక్కన పెడతాడు. దూరాన ఉన్న పాఠకులంటే మనమే. పాఠకుడే లేకపోతే రచయిత ఎవరినిగురించి కలతపడతాడు?

అందుచేత సంఘానికి మూడు మనవులు చేసుకుంటున్నాను. ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, ఒక పెద్ద పుస్తకం పెట్టి, మన కుటుంబాలలో ఎవరిది ఏ ఊరు, ఏ మండలం, ఏ ఏటి ఒడ్డు, అక్కడ ఎవరున్నారు అనే వివరాలు రాసి ఉంచుదాం. ఎక్కడ తుపాను అన్నా ఆ పేజీ తీసి, ఆ కుటుంబంవారి ఇంటికి ఆ రోజే వెళ్ళి “మీవాళ్ళెట్లా ఉన్నారు?” అని అడుగుదాం. మూడు నెలలు తిరిగాక మళ్ళీ వెళ్ళి అడుగుదాం. ఈ రెండోసారి వెళ్ళటం మరిచిపోకుండా పుస్తకంలో తేదీ వేసుకుందాం.

రెండోది, ఊత్తంగరై వాన కళ్ళారా చూసినవారు, పోగొట్టుకున్నవారు తమకు జరిగినది జరిగినట్టు ఒక పేజీ రాసి ఇవ్వాలి. రాయటం రానివారు చెప్తే మనవాళ్ళు రాసుకోవాలి. వచ్చే ఉగాది సంచికలో వాటిని అచ్చు వేద్దాం. అలంకారాలు అక్కర్లేదు. ఏది పోయింది, ఏది మిగిలింది, ఏది మిగిలీ మునుపటిలాగా లేదు. మా పెద్దమ్మ చెప్పిన పద్ధతి చాలు.

మూడోది, ఆదివారం ఒక గంట మన పిల్లలకు తెలుగు చదవటం నేర్పుదాం. తెలుగు చదివించటానికి పద్యాలతోనే మొదలుపెట్టాలని లేదు. తాతకు ఒక కార్డు రాయటంతో మొదలుపెట్టవచ్చు. తిరిగి వచ్చిన జవాబును పిల్లవాడే చదవాలి. జవాబు చదవటానికి వాడు పడే ఆత్రమే వాడికి గురువు.

కొత్త సంవత్సరంలో వానలు సకాలంలో కురవాలని, కట్టలు నిలవాలని అందరం కోరుకుంటున్నాం. కోరుకున్నట్టే ఎల్లప్పుడూ జరగదని కూడా మనకు తెలుసు. జరగనినాడు, ఎక్కడో ఒక డాబామీద, ఒక బడి వసారాలో, మన భాష మాట్లాడే ఒక మనిషి తడిబట్టలతో నిలబడి ఉంటాడు. అతనికి అన్నంపొట్లం అందించేవారు దగ్గరివాళ్ళు. అతని పేరు మరిచిపోకుండా చూడవలసినవాళ్ళం మనం.